గర్భిణికి స్వల్ప జ్వరం – శిశువుకు బాధిర్యం

పిల్లవానికి రెండేళ్ళు నిండినా మాట రాకపోతే మన ఇళ్ళలో మొదట జ్ఞాపకం వచ్చేది వసకొమ్ము. సానరాతిమీద తల్లిపాలతోనో, తేనెతోనో అరగదీసి నాలుకకు రాస్తారు. వస మంచి మూలికే. సంస్కృతంలో దాని పేరు వచ. ఆ పేరులోనే వాక్కు ఉన్నది. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అని ముద్దుగా పిలుచుకుంటాము. ఐతే మాటకు మూలం నాలుక కాదు. మూలం చెవి. శిశువు విన్నదానినే పలుకుతాడు. విననివాడు నాలుక ఎంత చక్కగా ఉన్నా పలుకలేడు. కావున మాట రాని బిడ్డ విషయంలో వైద్యుడు మొదట పరీక్షించవలసినది నాలుకను కాదు, శ్రోత్రేంద్రియాన్ని.

ఆ ఇంద్రియం తల్లి గర్భంలోనే చెడిపోయి ఉండవచ్చును. పుట్టుకతో వచ్చే బాధిర్యానికి కారణాలు అనేకం. వంశపారంపర్యం ఒకటి. మేనరికపు సంబంధాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో దానిని తక్కువగా చూడరాదు. కాని మేనరికం ఉన్నదని తెలియగానే కారణం దొరికిందని విచారణ ముగించడం కూడా సరికాదు. గర్భవతిగా ఉన్నప్పుడు తల్లికి సోకిన వైరస్ జ్వరం మరొక ముఖ్యకారణం. పాఠకులు ఈ రెండవదానిని గురించి తప్పక తెలుసుకోవలెను. ఎందుకంటే దీనిలో అధికభాగం నివారించదగినది. ఆ జ్వరం ఎంత స్వల్పమంటే తల్లికే అది జ్ఞాపకం ఉండదు.

తల్లుల మాట విన్న వైద్యుడు

ఈ సంగతి లోకానికి తెలిసినది 1941లో. ఆస్ట్రేలియా దేశంలోని సిడ్నీ నగరంలో నార్మన్ గ్రెగ్ అనే నేత్రవైద్యుడు ఉండేవాడు. ఆ సంవత్సరం ఆయన వద్దకు పుట్టుకతోనే కంటిలో శుక్లాలు ఉన్న పసికందులు వరుసగా రాసాగారు. అటువంటి శిశువు ఎప్పుడో ఒకరు రావడం సహజమే గాని, ఒకే ఏడాది ఇంతమంది రావడం ఆయనకు వింతగా తోచింది. వేచి ఉండే గదిలో తల్లులు తమలో తాము మాట్లాడుకుంటూ, కడుపుతో ఉన్నప్పుడు తమకు జర్మన్ మీజిల్స్ వచ్చిందని చెప్పుకోవడం ఆయన చెవిన పడిందని అంటారు. అంతకు ముందు ఏడాది, అనగా 1940లో, ఆ దేశమంతటా ఆ వ్యాధి ప్రబలి ఉన్నది. గ్రెగ్ తన రోగులతోబాటు తోటి వైద్యుల రోగుల వివరాలను కూడా సేకరించాడు. మొత్తం 78 మంది శిశువులు. వారిలో 68 మంది తల్లులు గర్భం ధరించిన తొలి నెలలలో ఆ జ్వరం అనుభవించినవారే. 1941 అక్టోబరులో మెల్‌బోర్న్‌లో జరిగిన నేత్రవైద్యుల సభలో ఆయన దీనిని ప్రకటించాడు.

ఆ శిశువులు పెరిగిన కొద్దీ మరొక సత్యం బయటపడింది. వారిలో చాలామందికి చెవులు వినిపించవు. పుట్టినప్పుడు కన్ను చెడినదని కనబడుతుంది, చెవి చెడినదని కనబడదు కదా! 1943లో అడిలైడ్ నగరంలో చార్లెస్ స్వాన్, ఆయన సహచరులు ఈ చెవుడును గురించి వ్రాశారు. ఒక చిన్న దద్దుజ్వరం గర్భస్థశిశువుకు ఇంత హాని చేయగలదంటే మొదట నమ్మనివారు చాలామంది. తరువాత లాంకాస్టర్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియా పాత జనాభా లెక్కలను తిరగవేశాడు. 1911 నాటి లెక్కలలో 1898, 1899 ప్రాంతంలో పుట్టిన బధిరులు ఇతర వయసులవారికంటె మిక్కిలి ఎక్కువగా కనబడ్డారు. సరిగా ఆ కాలంలోనే అక్కడ ఆ వ్యాధి ప్రబలి ఉన్నది. నలభై ఏళ్ళుగా జవాబు ఆ లెక్కల పుస్తకాలలోనే ఉన్నా, అడిగినవారు లేకపోయారు.

రోగనిదానంలో రోగిని ప్రశ్నించడం ఒక ప్రధాన పరీక్ష అని మా గురువుగారు పదే పదే చెప్పేవారు. గ్రెగ్ వృత్తాంతం చదివినప్పుడు నాకు ఆ మాటే గుర్తుకు వస్తుంది.

రుబెల్లా అనగా నేమి?

జర్మన్ మీజిల్స్ అన్నా, రుబెల్లా అన్నా ఒకటే. జర్మన్ వైద్యులు దీనిని మొదట వేరుచేసి వర్ణించినందున ఆ పేరు వచ్చింది. రుబెల్లా అనే పేరు 1866లో హెన్రీ వీల్ అనే ఆంగ్ల సైనిక వైద్యుడు పెట్టినది. ఆయన వర్ణించిన రోగులు మన దేశంలోనివారే. ఇది మన తట్టు కాదు, ఆటలమ్మ కాదు. తట్టు జ్వరం తీవ్రంగా ఉంటుంది. కన్ను, ముక్కు కారి, దగ్గుతో మనిషి నీరసించిపోతాడు. రుబెల్లాలో జ్వరం కొద్దిగా ఉంటుంది. ముఖం మీద సన్నని ఎర్రని దద్దు పుట్టి, ఒంటి మీదికి దిగి, మూడు దినాలలో మాయమౌతుంది. చెవుల వెనుక, మెడ వెనుక బిళ్ళలు కడతాయి. పెద్దవారికి కీళ్ళనొప్పులు కూడా ఉండవచ్చును. అంతే. సోకినవారిలో ఎంతోమందికి ఈ దద్దు సైతం కనబడదు. వేసవిలో వస్తే చెమటకాయలని, తక్కిన కాలంలో వస్తే ఏదో పడలేదని అనుకుంటారు. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వెలువడే తుంపరలతో ఇది వ్యాపిస్తుంది. దద్దు కనబడటానికి వారం ముందునుండే ఇతరులకు అంటుతుంది. అనగా రోగి ఎవరో తెలియకముందే వ్యాధి ఇల్లు మారుతున్నది.

తల్లికి ఏమీ కాదు. లోపలి శిశువు సంగతి వేరు. వైరస్ తల్లి రక్తంలో ప్రవేశించి, మావిని అంటుకొని, అక్కడినుండి శిశువు శరీరంలో చేరుతుంది. తొలి నెలలలో శిశువుకు స్వంత రక్షణశక్తి ఏర్పడి ఉండదు. మూడవ మాసంలో సర్వేంద్రియాలు, సర్వాంగావయవాలు ఏకకాలంలో వ్యక్తమౌతాయని చరకసంహిత శారీరస్థానం చెబుతున్నది. నేటి శాస్త్రం సూక్ష్మదర్శినితో చూసి చెప్పే లెక్క దానికి దగ్గరగానే ఉన్నది. లోపలిచెవిలో కాక్లియా అనే భాగం ఒక నత్తగుల్ల. నాలుగవ వారం ప్రాంతంలో చిన్న గుంటగా మొదలై, రెండున్నర చుట్లు తిరిగి, పదవ వారానికి దాదాపు రూపు దిద్దుకుంటుంది. ఆ తరువాత అందులో శబ్దాన్ని గ్రహించే సూక్ష్మమైన కణాలు ఏర్పడతాయి. ఇరవైఐదవ వారం నాటికి శిశువు తల్లి గొంతుకు, బయటి చప్పుడుకు స్పందించడం ప్రారంభిస్తాడు.

ఈ నిర్మాణం సాగుతుండగా వైరస్ చేరితే కాక్లియా పొరలు దెబ్బతింటాయి. నత్తగుల్ల గోడకు అంటుకొని ఒక రక్తనాళమయమైన పొర ఉంటుంది. లోపలి ద్రవానికి లవణసారాన్ని, విద్యుచ్ఛక్తిని అందించేది అదే. దీపానికి నూనె వంటిది అనుకోండి. రుబెల్లా ముఖ్యంగా ఆ పొరను పాడుచేస్తుంది. నూనె లేని వత్తి వెలగదు. ఇట్లు కలిగిన బాధిర్యం శాశ్వతం. అది ముదిరే అవకాశమూ ఉన్నది.

కాలాన్నిబట్టి ప్రమాదం మారుతుంది. పన్నెండు వారాలలోపు తల్లికి రుబెల్లా వస్తే, ప్రతి పది మంది శిశువులలో ఎనిమిది తొమ్మిది మందికి ఏదో ఒక లోపం కలుగుతుంది. కంట్లో శుక్లం, గుండెలో లోపం, చెవుడు కలిసి ఉండవచ్చును. గర్భస్రావం జరుగవచ్చును. పదమూడు నుండి పదహారు వారాల మధ్య ఐతే సుమారు మూడవ వంతు శిశువులకు హాని. ఈ దశలో ఇబ్బంది ఏమంటే, కన్ను, గుండె బాగానే ఉండి చెవి ఒక్కటే దెబ్బతింటుంది. శిశువు చూడటానికి ముద్దుగా, ఆరోగ్యంగా ఉంటాడు. ఎవరికీ అనుమానం రాదు. ఇరవై వారాలు దాటిన తరువాత భయం చాలావరకు తొలగుతుంది.

1964, 65 సంవత్సరాలలో అమెరికాలో రుబెల్లా ప్రబలినప్పుడు సుమారు 20,000 మంది శిశువులు ఈ లోపాలతో పుట్టారు. వారిలో సగానికి పైగా బధిరులు. ఆ దుఃఖమే టీకాను త్వరపెట్టింది. 1969లో అక్కడ టీకాకు అనుమతి లభించింది. నేడు దాదాపు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది స్టాన్లీ ప్లాట్కిన్ అనే వైద్యుడు రూపొందించిన రకం. 2015 నాటికి ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలలో ఈ వ్యాధి స్థానికంగా వ్యాపించడం పూర్తిగా ఆగిపోయిందని ప్రకటించారు.

ఎంగిలిలో ఉన్న మరొక వైరస్

రుబెల్లా పేరు కొందరైనా విన్నారు. రెండవదాని పేరు విన్నవారు అరుదు. దానిని సైటోమెగాలో వైరస్ అంటారు. తెలుగులో దానికి పేరు లేదు, ఎందుకంటే అది సోకినట్లే తెలియదు. ఆటలమ్మను కలిగించే వైరస్ కుటుంబానికే చెందినది. ఒకసారి శరీరంలో చేరితే జీవితాంతం నిద్రాణంగా ఉండి, అప్పుడప్పుడు మేల్కొంటుంది. మన దేశంలో పెద్దవారిలో అధికసంఖ్యాకులకు బాల్యంలోనే సోకి ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద నూరు మంది శిశువులలో ఇంచుమించు ఒకరు, లేక రెండు వందలలో ఒకరు ఈ వైరస్‌తో పుడుతున్నారు. పిల్లలలో వంశపారంపర్యం కాని నరసంబంధమైన చెవుడుకు ఇదే అన్నిటికంటె పెద్ద కారణం.

ఇట్లు పుట్టిన పది మందిలో తొమ్మిది మంది పుట్టుకనాడు ఏ లక్షణమూ లేకుండా ఉంటారు. ఆ తొమ్మిదిమందిని కూడా సురక్షితులనుకోరాదు. వారిలో నూటికి పది మందికి పైగా కొన్ని నెలలకో, ఏళ్ళకో వినికిడి తగ్గుతుంది. లక్షణాలతో పుట్టినవారిలో దాదాపు సగం మందికి చెవుడు కలుగుతుంది. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో బాగున్న చెవి మూడవ ఏట పోవడం ఈ వ్యాధిలో చూస్తాము. కావున ఒక్క పరీక్షతో సరిపెట్టక, ఇటువంటి శిశువును బడి వయసు వరకు మళ్ళీ మళ్ళీ పరీక్షింపజేయవలెను.

ఇది ఎట్లు సోకుతుంది? పసిపిల్లల లాలాజలం, మూత్రం ద్వారా. మొదటి బిడ్డకు ఏడాదిన్నర, రెండేళ్ళు ఉండగా తల్లి మళ్ళీ గర్భవతి అయిందనుకుందాం. పిల్లవానికి గోరుముద్దలు తినిపిస్తుంది. వాడు సగం తిని వదిలిన అన్నాన్ని పారవేయడం ఇష్టం లేక తానే తింటుంది. పసివాళ్ళ ఎంగిలికి దోషం లేదని మన ఇళ్ళలో అనుకుంటారు. ఎంగిలిని అంత పట్టింపుగా చూసే ఇల్లాళ్ళు కూడా ఈ ఒక్కచోట మినహాయింపు ఇస్తారు. సుశ్రుతుడు నిదానస్థానంలో, ఒకరినుండి మరొకరికి సంక్రమించే వ్యాధులకు కారణాలు చెబుతూ, స్పర్శ, నిశ్వాసం, ఒకే పక్కమీద పడుకోవడం, ఒకరి వస్త్రాలు మరొకరు ధరించడం వీటితోబాటు సహభోజనాన్ని కూడా పేర్కొన్నాడు. ఆయన ఈ వైరస్‌ను చూడలేదు. సంక్రమణ మార్గాన్ని చూశాడు. మార్గం తెలిస్తే చాలు, తలుపు వేసుకోవచ్చును.

కనుక గర్భిణి బిడ్డ ఎంగిలి తినరాదు. ఒకే చెంచా, ఒకే గ్లాసు వాడరాదు. పిల్లవాని మూత్రపు గుడ్డ మార్చిన వెంటనే, ముక్కు, చొంగ తుడిచిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకోవలెను. పెదవులమీద బదులు నుదుట ముద్దు పెట్టుకోవలెను. అంతమాత్రాన తల్లి బిడ్డను దూరంగా ఉంచనక్కరలేదు. ఒడిలోకి తీసుకోవడానికి, పక్కలో పడుకోబెట్టుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఒకసారి సోకి ఉన్న తల్లికి కూడా వైరస్ మేల్కొనవచ్చును, కొత్త రకం సోకవచ్చును. కావున ఈ జాగ్రత్త అందరికీ వర్తిస్తుంది. దీనికి టీకా లేదు. ఉన్న రక్షణ ఇదే.

ఇతర వైరస్ వ్యాధులను గురించి పాఠకులు అడుగవచ్చును. ఆటలమ్మ, తట్టు గర్భిణికి ప్రమాదకరమే. ఐతే బిడ్డ చెవిని ప్రధానంగా గురిచూసేవి పైన చెప్పిన రెండే. 2015, 16లో బ్రెజిల్‌లో ప్రబలిన జికా కూడా కొందరు శిశువుల వినికిడిని దెబ్బతీసింది.

తల్లిమీద నింద

కొన్నేళ్ళ క్రిందట మూడేళ్ళ బాలుణ్ణి మా ఇంటికి తీసుకువచ్చారు. నాయనమ్మ, తల్లి వచ్చారు. నాయనమ్మ, "వీడి తాతగారికి నాలుగో యేటగాని మాట రాలేదండీ శాస్త్రిగారూ. కాస్త వస, సారస్వతారిష్టం ఇప్పించండి, చాలు" అన్నది. తలుపు చప్పుడైతే వెనుదిరిగి చూస్తాడట. పిలిస్తే పలుకుతాడట. బాలుణ్ణి తల్లి ఒడిలో కూర్చోబెట్టి, కాళ్ళు నేలకు తగలకుండా చూసి, వెనుకనుండి నీడ కూడా పడకుండా పూజగంట మోగించాను. కదలలేదు. తలుపు వేస్తే నేల అదరడం వానికి తెలుస్తున్నది. మనిషి వస్తే నీడ కనబడుతున్నది. చెవిటి పిల్లలు ఎంతో చురుకుగా కళ్ళతో, పాదాలతో వింటారు. ఇంట్లో పళ్ళెం వాయించి చేసే పరీక్షలు ఇందువల్లనే మోసగిస్తాయి.

తల్లిని విచారించగా, రెండవ నెలలో ఆడబిడ్డ పెళ్ళికి వెళ్ళినప్పుడు అక్కడి పిల్లలకు ఒంటినిండా ఎర్రని దద్దు ఉన్నదని, తనకు కూడా రెండు దినాలు ఒళ్ళు వెచ్చబడిందని, "చెమటకాయలనుకున్నామండీ" అని చెప్పింది. అది విన్న నాయనమ్మ వెంటనే, "నేను అప్పుడే చెప్పాను, గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకోవద్దని" అన్నది. ఆ కోడలి కళ్ళ నీళ్ళు నేను మరచిపోలేదు.

గర్భిణి కోరికలు తీరకపోతే, వాతం ప్రకోపిస్తే శిశువు కుబ్జుడుగానో, మూగగానో పుట్టవచ్చునని సుశ్రుతుడు చెప్పిన మాట నిజమే. ఆ మాటను చదివి భర్త, అత్తమామలు గర్భిణిని సంతోషంగా ఉంచవలెను. తల్లిని నిలబెట్టి నిందించడానికి దానిని వాడితే శాస్త్రానికి అపచారం. పెళ్ళిపందిరిలో ఎవరో పసివాని తుమ్ములోనుండి వచ్చిన వైరస్‌కు ఆ అమ్మాయి ఏమి చేయగలదు? ఆ బాలునికి పరీక్ష చేయించారు. రెండు చెవులకు తీవ్రమైన బాధిర్యం. యంత్రం పెట్టి శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు గాని పలుకు స్పష్టంగా లేదు. వస నాకిస్తూ గడిపిన రెండేళ్ళ ఖరీదు అది.

మందులు, నూనెలు

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. మా శాస్త్రంలో దీనికి మందు ఏమున్నదని మీరు అడగడం న్యాయం. సూటిగా చెబుతాను. గర్భంలో దెబ్బతిన్న కాక్లియాను బాగుచేసే కషాయం గాని, లేహ్యం గాని, తైలం గాని లేదు. చెవిలో పోసిన తైలం కర్ణభేరి వద్దనే ఆగుతుంది. చెడినది దానికి లోపల, ఎముక గూటిలో ఉన్నది. పసికందు చెవిలో, ముక్కులో నూనె పోసే అలవాటు మానుకోవడం మంచిది. చెవిలో పోసినది చీము పట్టడానికి, ముక్కులో పోసినది ఊపిరితిత్తులలో చేరడానికి అవకాశం ఉన్నది. వస ఎక్కువైతే వాంతులు కలుగుతాయి. దానితో కలిపే తేనెను ఏడాది నిండని శిశువుకు అసలే ఇవ్వరాదు. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపిల్లల నరాలకు ప్రమాదం తెస్తుంది.

గర్భిణికి దద్దుతో జ్వరం వస్తే ఇంటివైద్యం చేసుకోక, ఆ దినమే ప్రసూతి వైద్యురాలికి చూపించవలెను. రక్తపరీక్షలో అది రుబెల్లా అవునో కాదో తెలుస్తుంది. కొన్నిసార్లు రెండు మూడు వారాల తరువాత మళ్ళీ రక్తం తీసి పోల్చవలసి ఉంటుంది. అంతవరకు పేలాల జావ, కాచి చల్లార్చిన నీరు, విశ్రాంతి చాలు. అంచువరకు నూనె నింపిన పాత్రను తొణకకుండా మోసినట్లు గర్భిణిని చూసుకోవలెనని చరకుడు చెప్పాడు. తీక్ష్ణమైన ఔషధాలు ఆమెకు పనికిరావు. మాసానుమాసికంగా చెప్పిన క్షీరపథ్యం తల్లికి బలం ఇస్తుంది గాని వైరస్‌ను అడ్డుకోదు. ఈ భేదం మరువరాదు.

రుబెల్లాను అడ్డుకునేది టీకా ఒక్కటే. మన దేశంలో తట్టు, రుబెల్లా కలిపిన టీకాను 2017లో ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చారు. ఆ ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను తొమ్మిది నెలలు మొదలు పదిహేనేళ్ళలోపు పిల్లలందరికీ బడులలో, అంగన్‌వాడీలలో వేశారు. ఇప్పుడు తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, పదహారు నుండి ఇరవైనాలుగు నెలల మధ్య మరొకటి వేస్తున్నారు. ఇక్కడ ఒక లెక్క గమనించండి. 2017 నాటికి పదిహేనేళ్ళు నిండిన ఆడపిల్లలకు ఆ టీకా అందలేదు. నేడు పెళ్ళికూతుళ్ళుగా, గర్భిణులుగా ఉన్నవారిలో చాలామంది ఆ వయసువారే. బాల్యంలో ప్రైవేటుగా వేయించుకొని ఉంటే సరి. లేకున్న, పెళ్ళి నిశ్చయమైన నాడే అమ్మాయికి రుబెల్లా రక్షణ ఉన్నదో లేదో రక్తపరీక్ష చేయించండి. లేకపోతే టీకా వేయించండి. జాతకాలు చూపించే శ్రద్ధలో పదవ వంతు చాలు. టీకా తరువాత ఒక నెల గర్భం రాకుండా చూసుకోవలెను. గర్భవతికి ఈ టీకా వేయరాదు. తెలియక వేసినా బెదిరి గర్భం తీయించుకోనక్కరలేదు. అట్లు జరిగిన తల్లులను పరిశీలించినప్పుడు టీకావల్ల బిడ్డకు ఈ లోపాలు కలిగినట్లు కనబడలేదు. రక్షణ లేదని గర్భంతో ఉండగా తెలిస్తే, ప్రసవమైన తరువాత వేయించుకోవచ్చును. పాలిచ్చే తల్లికి అది నిషిద్ధం కాదు.

పుట్టిన తరువాత

చప్పుడుకు ఉలిక్కిపడటం పుట్టుకనుండే ఉంటుంది. ఆరు నెలలకు శిశువు శబ్దం వచ్చిన వైపు తల తిప్పవలెను. ఊ కొట్టడం చూసి మోసపోకండి. చెవిటి శిశువు కూడా మూడవ నెలలో ఊ కొడతాడు. ఆరు నుండి తొమ్మిది నెలల మధ్య తాత, అత్త, బాబా వంటి జంట అక్షరాలు వినబడకపోతే మాత్రం అనుమానించవలెను. అసలు అంతవరకు ఆగనక్కరలేదు. పుట్టిన రెండు మూడు దినాలకే శిశువు నిద్రలో ఉండగా చెవిలో చిన్న గొట్టం ఉంచి కొన్ని నిమిషాలలో చేసే ఓ.ఏ.ఇ. పరీక్ష ఉన్నది. అందులో సందేహం వస్తే తలకు తీగలు అంటించి చేసే బెరా పరీక్ష ఉన్నది. ఈ రెండూ నొప్పి లేనివి. నెల లోపల తొలి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు వినికిడి యంత్రం లేక శిక్షణ మొదలుపెట్టడం, ఇది వైద్యులు అనుసరించే క్రమం. మాటను గ్రహించే శక్తి మెదడులో తొలి ఏళ్ళలోనే అధికంగా ఉండటమే ఈ తొందరకు కారణం.

తొలి పరీక్షలో చెవి వినలేదని తేలితే, సైటోమెగాలో వైరస్ కోసం శిశువు లాలాజలం గాని, మూత్రం గాని ఇరవైయొక్క దినాలలోపు పరీక్షింపజేయవలెను. ఆ గడువు దాటితే వైరస్ కనబడినా, గర్భంలో సోకినదో, తరువాత సోకినదో తేల్చడం కష్టం. లక్షణాలున్న శిశువుకు తొలి నెలలోనే మొదలుపెట్టి ఆరు నెలలు వాడే వైరస్ నిరోధక ఔషధం అల్లోపతిలో ఉన్నది. వినికిడి మరింత తగ్గకుండా కొంత కాపాడుతుంది. దానిని నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడవలెను.

సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. మైసూరులో 1965లో స్థాపించిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. జిల్లా ఆసుపత్రులలోని సత్వర చికిత్సా కేంద్రాలలో కూడా విచారించవచ్చును. యంత్రంతో ప్రయోజనం లేని తీవ్ర బాధిర్యానికి కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స చేస్తారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ క్రింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ క్రింద, కేంద్రప్రభుత్వపు అడిప్ పథకం క్రింద పేద కుటుంబాల చిన్నపిల్లలకు సహాయం లభిస్తుంది. వీటికి వయోపరిమితి ఉన్నది. తాతగారి నాలుగవ యేడు వచ్చేవరకు ఆగినవారికి ఆ తలుపు మూసుకుపోవచ్చును.

రుబెల్లాతో పుట్టిన శిశువు ఏడాదిపాటు ఆ వైరస్‌ను విసర్జిస్తూ ఉండవచ్చును. బారసాలకు, అన్నప్రాశనకు వచ్చే బంధువులలో గర్భవతులు ఉంటే ముందుగా చెప్పి, ఆ ఏడాది రావద్దని కోరవలెను. వారు నొచ్చుకుంటారని సందేహించనక్కరలేదు.